కొత్త ఏసీ కొనేముందు ఇంటి కప్పు మీద చెయ్యి పెట్టి చూడండి

పోయిన మే నెలలో ఒక రాత్రి పదిన్నరకి స్టూలెక్కి పడగ్గది కప్పుకి అరచెయ్యి ఆనించాను. పొయ్యి మీంచి దించి పది నిమిషాలైన గిన్నెలా ఉంది. పడమటి గోడా అంతే. మాది బెజవాడ మొగల్రాజపురంలో పై అంతస్తు, ఇంటి వెనకే కొండ. పగలంతా కాగిన శ్లాబు, ఆ బండరాళ్లు పొద్దుపోయేదాకా వేడి వదులుతూనే ఉంటాయి. ఏసీ 22లో నడుస్తోంది, అయినా మా అత్తయ్య చెమటతో లేచి కూర్చున్నారు. ఆవిడకి డెబ్బై నాలుగేళ్లు, బీపీకి మందులు వాడతారు. పెద్దవాళ్లకి పగటి ఎండే కాదు, చల్లబడని రాత్రులూ ప్రమాదమేనని డాక్టరుగారు చెప్పిన మాట నాకు ఆ రాత్రి అర్థమైంది.

మర్నాడు షాపుకి వెళ్తే ప్రశ్నలు రెండే. ఒకటిన్నర టన్నా, రెండు టన్నులా? మూడు స్టార్లా, ఐదు స్టార్లా? ఈ రెండూ అవసరమైన ప్రశ్నలే గానీ, వీటికన్నా ముందు మనల్ని మనం అడగాల్సినవి వేరే ఉన్నాయి. ఈ గదిలోకి వేడి ఎటునుంచి వస్తోంది? ఇబ్బంది పెడుతున్నది వేడా, ఉక్కా? ఈ రెండూ తేలకుండా మెషిన్ మార్చినవాళ్లు మా వీధిలోనే ముగ్గురున్నారు, వాళ్ల బిల్లులు పెరిగాయి తప్ప నిద్ర పెరగలేదు.

ముందు కప్పు

పై అంతస్తులో ఉండేవాళ్లకి సగం సమస్య నెత్తిమీదే ఉంటుంది. కాంక్రీటు ఎండని పీల్చుకుని గంటల తరబడి దాచుకుంటుంది. మధ్యాహ్నం పడిన ఎండ గదిలోకి దిగేసరికి సాయంత్రం అవుతుంది, సరిగ్గా మనం పడుకునే వేళకి ముదురుతుంది. ఏసీ చల్లబరిచేది గాలినే కదా, పైనుంచి శ్లాబు వేడెక్కిస్తూ ఉంటే అది రాత్రంతా ఎదురీదాల్సిందే.

దీనికి నాలుగు దారులున్నాయి. అన్నిటికన్నా చవక సున్నం. తెల్ల సున్నంలో జిగురు కలిపి రెండు కోటింగులు వేస్తే ఆ వేసవికి బాగా పనిచేస్తుంది, వానలకి కొట్టుకుపోతుంది. అద్దె ఇంట్లో ఉండేవాళ్లకి నేను ఇదే చెప్తాను, ఓనరుగారిని ఒప్పించడం కూడా తేలిక. రెండోది కూల్ రూఫ్ పెయింట్. సున్నం కన్నా చాలా ఖరీదు, కానీ కొన్నేళ్లు ఉంటుంది. కొనేటప్పుడు డబ్బా మీద ఎస్ఆర్ఐ అనే అంకె ఉందో లేదో చూడండి. ఎండని వెనక్కి కొట్టి, పట్టిన వేడిని వదిలేసే గుణం ఎంతో చెప్పే కొలత అది, 100కి పైన ఉంటే మంచి రకం. అంకె లేకుండా కేవలం తెల్లగా ఉన్నంత మాత్రాన అది కూల్ పెయింట్ కాదు. ఏ రంగైనా వేసేముందు శ్లాబు మీద పగుళ్లు పూడ్చాలి, వేశాక ఏటా వేసవికి ముందు ఒకసారి కడగాలి. మన ఊరి దుమ్ముకి ఒక్క ఏడాదిలోనే తెలుపు బూడిదరంగులోకి తిరుగుతుంది, అప్పుడు సగం గుణం పోయినట్టే.

మూడోది తెల్ల టైల్స్. సొంత ఇల్లయి, ఎలాగూ వాటర్‌ప్రూఫింగ్ చేయించాలనుకుంటే ఇదే మేలు. నాలుగోది అసలు ఎండే పడకుండా నీడ కట్టడం. తాటాకు పందిరి ఇప్పటికీ గొప్పదే, నిప్పు భయం ఒక్కటే దాని లోపం. రేకుల షెడ్డు వేస్తే పక్కలు తెరిచి ఉంచండి. మూసేస్తే ఆ రేకుల వేడంతా షెడ్డులో నిలబడి కిందికే దిగుతుంది. సోలార్ ప్యానెళ్లు పెట్టించుకునే ఆలోచన ఉంటే వాటి కింద పడే నీడ మీకు ఉచితం. కేంద్రం ఇచ్చే పీఎం సూర్యఘర్ పథకం కింద ఒక కిలోవాట్‌కి 30 వేలు, రెండింటికి 60 వేలు, మూడు ఆపైన అయితే 78 వేల రూపాయల సబ్సిడీ ఉంది. ఒక్కో కిలోవాట్ రోజుకి సుమారు నాలుగు యూనిట్లు ఇస్తుంది.

మేం కూల్ పెయింట్ వేయించి, పడమటి గోడకి బయటివైపు వెదురు తడికలు కట్టించాం. తడిక గోడకి అంటుకోకూడదు, మధ్యలో జానెడు సందు ఉండాలి, గాలి ఆడాలి. కిటికీకైతే లోపలి కర్టెన్ కన్నా బయటి తడిక ఎన్నో రెట్లు నయం, ఎండ అద్దం దాటి లోపలికి వచ్చాక కర్టెన్ చేయగలిగేది తక్కువ. ఈ రెండిటికీ కలిపి అయిన ఖర్చు కొత్త ఏసీ ధరలో సగం లేదు. మధ్య అంతస్తులో, తూర్పు ముఖంగా ఉన్నవాళ్లకి ఇదంతా అక్కర్లేదు, నేరుగా తర్వాతి భాగం చదవండి.

కూలరా, ఏసీనా

ఈ ప్రశ్నకి దేశమంతటికీ ఒకటే జవాబు లేదు. బెజవాడ, గుంటూరు వాళ్లకైతే నెలకో జవాబు.

మనకి వేసవులు రెండు. ఒకటి వడగాలి వేసవి. రోళ్లు పగిలే రోహిణీ కార్తెలో పడమటి గాలి తోలుతుంటే గాలిలో తడి ఉండదు, ఆరేసిన బట్ట అరగంటకి గలగలలాడుతుంది. రెండోది ఉక్క వేసవి. పొద్దువాలి సముద్రం వైపు నుంచి పైరగాలి తిరిగాక, ఇంకా చెప్పాలంటే జూన్ చివరి నుంచి అక్టోబరు దాకా, ఎండ తగ్గినా ఒళ్లు జిగటగానే ఉంటుంది.

కూలర్ నీటిని ఆవిరి చేసి గాలిని చల్లబరుస్తుంది. గాలి పొడిగా ఉంటేనే నీరు ఆవిరవుతుంది. 42 డిగ్రీల ఎండ, 25 శాతం తేమ ఉన్న మధ్యాహ్నం మంచి కూలర్ 29 డిగ్రీల దగ్గర గాలి ఇవ్వగలదు, అదీ 200 వాట్ల లోపు కరెంటుతో. అదే కూలర్‌ని 33 డిగ్రీలు, 75 శాతం తేమ ఉన్న ఆగస్టు రాత్రి వేస్తే 30 దాకా దించుతుంది, దించి గదిని తడిగుడ్డలా చేస్తుంది. చెమట ఆరదు. అంటే 42లో పదమూడు డిగ్రీలు దించిన మెషినే 33లో మూడు డిగ్రీలు దించడానికి ఆపసోపాలు పడుతుంది.

కాబట్టి పగలు ఇంట్లో ఉండేవాళ్లు, హాల్లో కూర్చుని పని చేసుకునేవాళ్లు కూలర్ కొనుక్కోవచ్చు. ఏప్రిల్, మే మధ్యాహ్నాలకి అది చాలు. కిటికీకి పెట్టి బయటి గాలి లాగేలా, ఎదురుగా ఇంకో తలుపు తెరిచి ఉండేలా చూడండి. మూసిన గదిలో కూలర్ అరగంటకే ఉక్కపోత పుట్టిస్తుంది. వట్టివేళ్ల తడకలు దొరికితే ఆ వాసనే సగం సేద. రాత్రి పడకకి మాత్రం మన దగ్గర కూలర్ మీద ఆశ పెట్టుకోవద్దు. ఏసీ గదిలో కూలర్ కూడా వేసేవాళ్లని చూశాను. కూలర్ పోసిన తడిని ఏసీ తోడాలి, రెండిటి కరెంటూ మనమే కట్టాలి. అది మానెయ్యండి.

ఈ రెండిటికన్నా ముందు ఫ్యాన్ సంగతి చూడాలి. పాత సీలింగ్ ఫ్యాను 75 వాట్లు తింటే బీఎల్‌డీసీ అనే కొత్త రకం మోటారు ఫ్యాన్ 30 వాట్ల దగ్గర అదే గాలి ఇస్తుంది. రోజుకి పదహారు గంటలు తిరిగే ఫ్యాన్ అయితే నెలకి 20 యూనిట్ల పైన మిగులుతాయి. ఏసీని 26లో పెట్టి ఫ్యాన్ రెండో నంబరులో వేస్తే 23లో పెట్టిన హాయి వస్తుంది. ఏసీలో ఒక్కో డిగ్రీ పెంచితే కరెంటు సుమారు 6 శాతం తగ్గుతుందని స్టార్లు ఇచ్చే కేంద్ర సంస్థ బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ చెప్తోంది. 2020 జనవరి నుంచి కొత్త ఏసీలన్నీ ఆన్ చేయగానే 24లో మొదలయ్యేలా రూలు పెట్టిందీ అందుకే.

టన్నులు పెరిగితే ఉక్క తగ్గుతుందా

షాపులో నాకు రెండు టన్నులది చూపించారు. "పై అంతస్తు కదా మేడమ్, దీనికి తగ్గితే చాలదు" అన్నారు. ఇంటికొచ్చి మా మెకానిక్‌ని అడిగితే ఆయన వేరే పని చేశాడు. "అమ్మా, డ్రైన్ పైపు కింద ఒక బకెట్ పెట్టండి, గంటకి ఎన్ని నీళ్లొస్తాయో చూసి చెప్పండి" అన్నాడు.

పెట్టాను. మే మధ్యాహ్నం గంటసేపట్లో మగ్గు అడుగు మాత్రమే తడిసింది. జులైలో వానపడిన రాత్రి అదే ఏసీ గంటకి ఒకటిన్నర మగ్గు ఇచ్చింది. ఆ నీళ్లన్నీ మా గది గాలిలోవి. చెమట ఆరనివ్వకుండా చేసేది అవే. వాటిని తోడెయ్యడం కూడా, చల్లబరచడంతో పాటు, ఏసీ చేయాల్సిన పనే.

గదికి మించిన ఏసీ పది నిమిషాల్లో గాలిని చల్లబరిచేసి నెమ్మదిస్తుంది. లోపలి చల్లటి గొట్టాల చుట్ట, అంటే కాయిల్ మీద నీరు చేరి, కారేంత సేపు అది గట్టిగా పనిచేయదు. గది చల్లగానే ఉంటుంది గానీ ఒళ్లు జిగట, దుప్పటి చెమ్మ, గోడల మూలల్లో బూజు వాసన. అప్పుడు మనం ఇంకో రెండు డిగ్రీలు తగ్గిస్తాం. తెల్లారేసరికి గొంతు పట్టేస్తుంది. మన లాంటి కోస్తా ఊళ్లలో గదికి సరిపడే ఏసీ కాస్త ఎక్కువసేపు తాపీగా నడవడమే మంచిది. ఇన్వర్టర్ ఏసీలు అలా తక్కువ వేగంలో నడవగలవు కాబట్టి రాత్రంతా వాడే గదికి నేను ఇన్వర్టర్‌నే ఎంచుకుంటాను. వానాకాలంలో రిమోట్‌లో తేమ తోడే డ్రై మోడ్ వాడి చూడండి, చాలా రాత్రులకి అదే చాలు.

లెక్క సుమారుగా ఇదీ. మధ్య అంతస్తులో 120 చదరపు అడుగుల గదికి ఒక టన్ను. అదే గది పై అంతస్తులో పడమటి గోడతో ఉంటే, లేదా 180 అడుగుల దాకా ఉంటే ఒకటిన్నర. టన్ను అంటే గంటకి 12,000 బీటీయూల వేడిని తోడే శక్తి. కానీ ఆ అంకె బయట 35 డిగ్రీలున్నప్పుడు కొలిచింది. మన 44లో అంత రాదు. అందుకే కొనేటప్పుడు టన్నులు పెంచడం కాకుండా, 43 లేదా 46 డిగ్రీల దగ్గర ఎంత సామర్థ్యం మిగులుతుందో స్పెసిఫికేషన్ షీట్ అడిగి చూడండి. ఏసీకి బయట బిగించే పెట్టె, ఔట్‌డోర్‌ని ఎక్కడ పెడుతున్నారన్నది కూడా అంతే ముఖ్యం. మా పక్క అపార్ట్‌మెంటులో ఒకే సన్నటి సందులో ఎనిమిది ఔట్‌డోర్లు ఎదురెదురుగా పెట్టారు. ఒకటి ఊదిన వేడిని ఇంకొకటి పీలుస్తోంది. అక్కడ ఐదు స్టార్లు పెట్టినా ఒకటే.

స్టార్ల లెక్క

స్టార్లు ఒక్కటే చూడొద్దు, లేబుల్ మీద ఐఎస్ఈఈఆర్ అంకె చూడండి. తిన్న కరెంటుకి ఎంత చల్లబరుస్తుందో చెప్పే కొలత అది, ఎక్కువుంటే మేలు. స్టార్లకి కొలత కొన్నేళ్లకోసారి కఠినం చేస్తుంటారు. 2022 జులైలో మార్చారు, 2026 జనవరి నుంచి మళ్లీ పెంచారు. అంచేత గోడౌన్‌లో మిగిలిన పాత ఐదు స్టార్ల ఏసీ కొత్త నాలుగు స్టార్ల దానికి సమానం కావచ్చు. అంకె అబద్ధం చెప్పదు.

లేబుల్ మీద రాసే ఏడాది యూనిట్లు 1600 గంటల వాడకానికి లెక్క. రాత్రికి ఎనిమిది గంటల చొప్పున 200 రాత్రులు, దాదాపు మా ఇంటి వాడకమే. ఐఎస్ఈఈఆర్ 3.9 ఉన్న ఏసీ ఏడాదికి వెయ్యి యూనిట్లు తింటే 5.1 ఉన్నది 765 దగ్గర ఆగుతుంది. మిగిలేవి 235 యూనిట్లు. ఇక్కడే కరెంటు బిల్లు శ్లాబు గుర్తుకు రావాలి. మన రాష్ట్రంలో 2022లో వచ్చిన గృహ శ్లాబుల ప్రకారం 226 నుంచి 400 దాకా యూనిట్ 8.75 రూపాయలు, 400 దాటితే 9.75. ఏసీ తినే యూనిట్లు చాలా ఇళ్లలో ఈ పై శ్లాబుల్లోనే పడతాయి. అంటే మిగిలేది ఏడాదికి రెండు వేల పైచిలుకు. రెండు మోడళ్ల ధరల తేడా ఎనిమిది వేలైతే నాలుగేళ్లలో తిరిగొస్తుంది, ఆ తర్వాతంతా లాభం. అదే చుట్టాలొస్తే వేసే గదిలో ఏడాదికి 240 గంటలు నడిస్తే మిగిలేది 35 యూనిట్లు, మూడు వందల పైన ఏ కొంచెమో. ఆ గదికి మూడు స్టార్లే తీసుకోండి. ఆ మిగిలిన డబ్బు ఇంటి కప్పు మీద పెట్టండి.

రిపేరా, కొత్తదా

ఈ విషయంలో నేను డబ్బు పోగొట్టుకున్నాను, మీరు పోగొట్టుకోవద్దని చెప్తున్నాను. వరసగా మూడు వేసవులు ఒక సర్వీసు మనిషి వచ్చి "గ్యాస్ అయిపోయింది" అని పట్టించి వెళ్లాడు. ప్రతిసారీ డబ్బులిచ్చాను. గ్యాస్ అయిపోదండి. అది మూసిన గొట్టాల్లోనే తిరుగుతూ ఉండేది, పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. తగ్గిందంటే ఎక్కడో కారుతోందనే అర్థం. నాలుగో ఏడు వచ్చిన మెకానిక్ సబ్బు నురగ తీసుకుని ఔట్‌డోర్ దగ్గర ఇత్తడి నట్టుల మీద రాశాడు. ఒక నట్టు అంచున చిన్న బుడగ ఉబ్బింది, పగిలింది, మళ్లీ ఉబ్బింది. మూడేళ్ల డబ్బు ఆ బుడగలోంచే పోయింది. గొట్టం మూతి కోసి, కొత్తగా ఫ్లేర్ చేసి, అంటే అంచు విప్పార్చి, బిగించాడు. ముప్పావు గంట పని.

కాబట్టి గ్యాస్ పట్టించేముందు లీకు చూపించమని అడగండి. పట్టించేటప్పుడు వ్యాక్యూమ్ పంపు పెట్టి గొట్టాల్లో గాలి, చెమ్మ తీశాడా, గ్యాస్‌ని తూకం వేసి ఎక్కించాడా చూడండి. ఆర్410ఏ అనే ఏసీ గ్యాస్ మిశ్రమం, సగం కారిపోయాక మిగతాది పైపైన నింపడం సరైన పద్ధతి కాదు, మొత్తం తీసి కొత్తగా తూచి వేయాలి. ఇప్పటి ఏసీల్లో ఎక్కువగా వచ్చే ఆర్32కి కొద్దిగా అంటుకునే గుణం ఉంది, తెలిసిన చేతులే పట్టాలి. పాత ఆర్22 ఏసీలో ఆర్32 ఎక్కిస్తానని ఎవరైనా అంటే వెంటనే పంపించెయ్యండి. ఆ ఒత్తిడికి పాత కంప్రెసర్, గొట్టాలు చేసినవి కావు.

కెపాసిటర్, ఫ్యాన్ మోటారు, సెన్సారు పోతే ఎంత పాతదైనా బాగుచేయించుకోవచ్చు. పీసీబీ, అంటే లోపలి సర్క్యూట్ బోర్డు పోతే ఒకసారి బాగుచేయించండి, ఏడాదిలో రెండోసారి పోతే ముందు ఇంట్లో వోల్టేజీ, ఎర్తింగ్ చూపించండి. కాయిల్ లీకయితే అతుకు వేయించే ముందు ఎక్కడ లీకో చూడండి. ఒకచోట రాపిడికి పడిన చిల్లయితే అతుకు నిలుస్తుంది, కాయిల్ అంతా తుప్పు చుక్కలుంటే ఇవాళ ఒకచోట, వచ్చే నెల ఇంకోచోట. ఆర్22 మెషిన్‌కి కంప్రెసర్ పోతే అక్కడితో ఆపెయ్యాలి. పదేళ్లు దాటిన దేనికైనా అదే మాట.

2024 సెప్టెంబరు ఒకటిన బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్‌లో మా పిన్ని వాళ్ల ఔట్‌డోర్ మూడు రోజులు నీళ్లలో ఉంది. నీళ్లు తగ్గగానే ఆన్ చేయబోతే బాబాయి ఆపాడు, అదే కాపాడింది. మునిగిన ఏసీని మెయిన్ నుంచి తీసేసి, బురద కడిగించి, బోర్డు, మోటారు వైండింగు ఆరాక పరీక్ష చేయించాకే వెయ్యాలి. ఆ వైపు ఇళ్లవాళ్లు కొత్తది పెట్టేటప్పుడు ఔట్‌డోర్, స్టెబిలైజర్, ఇన్వర్టర్ బ్యాటరీ మొన్నటి నీటి గుర్తుకి పైన పెట్టించుకోండి.

ఇక ఉప్పుగాలి. బందరు, బాపట్ల, సూర్యలంక వైపు ఇళ్లకి ఇదే పెద్ద శత్రువు. అక్కడివాళ్లు కోటింగు ఉన్న కాయిలే తీసుకోవాలి, ఔట్‌డోర్‌ని నెలకోసారి మంచినీళ్లతో కడగాలి. బెజవాడ, గుంటూరు సముద్రానికి దూరమే, ఆ భయంతో ఎక్కువ డబ్బు పెట్టక్కర్లేదు. మనకి కావాల్సింది దుమ్ము వదిలించడం. ఫిల్టరు పదిహేను రోజులకోసారి మీరే కుళాయి కింద కడగండి. నీళ్ల సర్వీసు ఉగాదికి ముందొకటి, దీపావళి దాటాక ఒకటి చాలు. మురుగు కాలువ పక్కనే ఇల్లయితే మాత్రం ఆ వాయువులకి రాగి నల్లబడి దెబ్బతింటుంది, ఔట్‌డోర్ ఆ వైపు పెట్టొద్దు.

వేడి కావాల్సింది నీళ్లకే

హాట్ అండ్ కోల్డ్ ఏసీ మనకి అవసరం లేదు. మన సంక్రాంతి చలికి దుప్పటి చాలు. గీజరు విషయంలో మాత్రం బోరు నీళ్లు చూసుకోండి. ఉప్పునీళ్లయితే ట్యాంకులో మెగ్నీషియం రాడ్‌ని రెండేళ్లకోసారి తీయించి చూడాలి. అది అరిగిపోయాక అరిగేది ట్యాంకే. 15 లీటర్ల నీళ్లని 25 నుంచి 60 డిగ్రీలకి తేవడానికి పట్టేది సుమారు 0.6 యూనిట్, అందుకని ఇద్దరు ముగ్గురున్న ఇంటికి సోలార్ హీటర్ పెట్టుబడి తిరిగిరావడం ఆలస్యం. ఆరుగురు దాటిన ఇంటికి మంచిది. గ్యాస్ గీజరు మూసిన బాత్రూములో ఎట్టి పరిస్థితుల్లో వద్దు, కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, మనిషి తెలియకుండానే పడిపోతాడు.

ఎప్పుడు చేయించాలి

శ్లాబు రంగు ఫిబ్రవరిలో వేయించండి, మంచు పోయి ఎండ ముదరకముందు. ఏసీ కొనేది నవంబరు నుంచి జనవరి మధ్య అయితే బేరానికి వీలుంటుంది, బిగించేవాడికి తీరికా ఉంటుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి ఏసీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, అంతకుముందు రాయించుకున్న పాత కొటేషన్లు ఉంటే చించేసి కొత్తగా అడగండి. మేం చివరికి ఒకటిన్నర టన్ను ఇన్వర్టరే తీసుకున్నాం, అదీ రంగు వేయించాక. రాత్రి 26లో, ఫ్యాన్ రెండులో. అత్తయ్య తెల్లవారుజామున లేచి తనే ఏసీ కట్టేస్తున్నారు. సర్వీసుకి మాత్రం ఈసారి ఆలస్యం చేశాను. ఏప్రిల్ రెండో వారంలో ఫోన్ చేస్తే మెకానిక్ "అమ్మా, ఇంకో తొమ్మిది రోజులు పడుతుంది, అప్పటిదాకా ఫిల్టరు మీరే కడుక్కోండి" అన్నాడు.